ప్లేఆఫ్స్‌లో మా పాత మ్యూల్స్

ఈ ఏడాది ప్లేఆఫ్స్‌లో మావాళ్లు నలుగురున్నారు. మావాళ్లంటే కోల్‌బర్న్ మ్యూల్స్‌లో బేస్‌బాల్ ఆడి పెద్ద జట్లకి ఎదిగినవాళ్లు. జట్టుకి కంచర గాడిదల పేరేమిటని బయటివాళ్లు నవ్వేవారు. మా గనుల్లో బొగ్గు లాగింది అవే కాబట్టి మాకు ఆ పేరు బాగానే నప్పింది. ఇప్పుడు గనీ లేదు, జట్టూ లేదు. చిన్న ఊళ్లో జట్టెందుకు, దండగ అన్నారు పైవాళ్లు, ఎత్తేశారు. నాలుగేళ్లయింది. మైదానంలో గడ్డి నడుం ఎత్తు పెరిగింది.

నా దగ్గర మాత్రం జట్టు మొత్తం ఉంది. ఏటా ఆగస్టులో మైదానం గేటు దగ్గర ఆటగాళ్ల బొమ్మల కార్డులు పెట్టెగా కట్టి అమ్మేవారు. ఇరవై ఆరేళ్ల కార్డులు దాచాను, ఒక్కదానికీ మూల నలగలేదు. అక్టోబరు రాగానే, ప్లేఆఫ్స్‌లో ఆడుతున్న మా పాతవాళ్ల కార్డులు తీసి టీవీ ముందు వరుసగా నిలబెడతాను. టీవీలో వాళ్లు గడ్డాలు పెంచి, మెడలో గొలుసులు వేసి, ఎవరివో రంగులు తొడుక్కుని ఉంటారు. కార్డు మీద పంతొమ్మిదేళ్ల పిల్లలు, వదులు టోపీ, మీసం రాని మూతి. నేను ఎక్కువగా కార్డుల్నే చూస్తాను.

నా ఇరవై ఆరేళ్ల కార్డుల్లోవాళ్లలో పదకొండుగురు మా ఇంట్లో ఉన్నవాళ్లే. కుర్రాళ్లకి జట్టు ఇచ్చేది చాలదు కాబట్టి ఊళ్లో ఇళ్లవాళ్లే వేసవికి గది ఇచ్చి తిండి పెట్టేవారు. నేనూ మా చెల్లెలు ఆర్లీనూ పెళ్లీ పెటాకులూ లేనివాళ్లం, ఏటా ఒకణ్ని పెట్టుకునేవాళ్లం. కాకి గూట్లో కోకిల పిల్లలు. రెక్కలొచ్చిన కోకిల వెనక్కి చూస్తుందా? ఆర్లీన్ కూడా చూడలేదు. జట్టు బస్సు నడిపి, జట్టు పోయాక పనిలేకుండా మిగిలిన గ్రోవర్‌ని యాభై తొమ్మిదేళ్ల వయసులో పెళ్లాడి ఫ్లోరిడా వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఈ ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే.

నలుగురిలో ముగ్గురి మీద నాకు ఆశ లేదు. నాలుగోవాడు ఎలియెసర్ మొంతెరో. ఇంట్లో ఎలి అనేవాళ్లం. పన్నెండేళ్ల కిందట డొమినికన్ దేశం నుంచి వచ్చినప్పుడు వాడికి ఇంగ్లిషులో "థాంక్యూ", "చికెన్" తప్ప రావు. ఆ వేసవంతా మా మేడ మీద గదిలో ఉన్నాడు. ఇప్పుడు పెద్ద జట్టులో మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్ కాస్తున్నాడు. నాకు తెలియాల్సింది ఒక్కటే: వాడికి నేను గుర్తున్నానా, లేదా. అరవై ఏడేళ్లొచ్చి ఇదేం కోరిక అని నవ్వితే నవ్వండి.

అడిగితే తెలిసేదే. అడిగే రకాన్ని కాను. కార్డులు పోగుచేసేవాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఆటగాడికి అతని కార్డు పోస్టులో పంపుతాం. లోపల ఒక తిరుగు కవరు, దాని మీద మన చిరునామా మనమే రాసి, మన స్టాంపు మనమే అంటించి పెడతాం. మనసైతే సంతకం చేసి పంపుతాడు. ఆగస్టులో ఎలి పాత మ్యూల్స్ కార్డు అలాగే పంపాను. నేను ఫలానా అని ఉత్తరంలో రాయలేదు. తిరుగు కవరు మీద నా పేరుంది, ఊరుంది, వీధి ఉంది. మూణ్నెల్లు తిన్న ఇంటి చిరునామా మనిషన్నవాడికి తెలియదా?

ఇవాళ సిరీస్‌లో ఆఖరిదైన అయిదో ఆట. ఓడితే ఎలి జట్టు ఇంటికే. ఆట మధ్యాహ్నమే మొదలవుతుంది. దానికి కాస్త ముందు పోస్టుమాన్ రేఫర్డ్ మెట్లెక్కి వచ్చాడు.

"డెల్బర్ట్ స్టిల్ట్‌నర్ గారికి, డెల్బర్ట్ స్టిల్ట్‌నర్ గారి చేతిరాతతో ఉత్తరం!" అన్నాడు కవరు ఊపుతూ. "ఏంటయ్యా, రాసేవాళ్లు లేక నీకు నువ్వే రాసుకుంటున్నావా?"

"నీకెందుకు? ఇచ్చి వెళ్లు."

"ఇస్తున్నా, ఇస్తున్నా. నిన్ను నువ్వు క్షేమమా అని అడిగావో లేదో చూసుకో."

తలుపు వేసుకున్నాను. కవరు తెరవలేదు, కార్డుల పక్కన పెట్టాను. తెరవకపోతే ఇంకాసేపు ఆశ ఉంటుంది కదా.

అంతలో ఆర్లీన్ ఫోన్. ప్లేఆఫ్స్ ఆటలు ఇద్దరం కలిసి చూస్తాం. కలిసి అంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి, మధ్యలో ఏడొందల మైళ్లు ఉంచుకుని.

"అన్నయ్యా, తిన్నావా?"

"బీన్సున్నాయి. మొక్కజొన్న రొట్టె ఉంది."

"నిన్నటివా, మొన్నటివా?"

"నోర్మూసుకుని ఆట చూడవే."

రెండో ఇన్నింగ్స్‌లో ఎలి బ్యాట్ పట్టుకుని వచ్చాడు. భుజాలు వెడల్పయ్యాయి, బ్యాట్ నేలకి రెండుసార్లు తట్టే అలవాటు మాత్రం పోలేదు. అప్పుడు వ్యాఖ్యాత అందుకున్నాడు.

"ఈ మొంతెరో మొట్టమొదట ఆడింది వర్జీనియా కొండల్లో కోల్‌బర్న్ అనే ఊళ్లోనట. అక్కడ ఆర్లీన్ అనే ఆవిడ ఇంట్లో ఉండేవాడట. తను ఎంత పొద్దుపోయి వచ్చినా ఆవిడ తినకుండా కూచునేదట. అమెరికాలో నాకు అమ్మ ఆవిడే అని నిన్న మాతో చెప్పాడు."

ఫ్లోరిడాలో కేక. వెనక గ్రోవర్ ఈల.

"విన్నావా అన్నయ్యా! నా పేరు చెప్పాడు! టీవీలో!"

"విన్నాను."

ఆర్లీన్ ఇల్లట. ఇల్లు నా పేరు మీద ఉంది, మేడగదికి కిటికీ పెట్టించింది నేను. ఎంత చిన్న బుద్ధో చూడండి. ఒళ్లు మండింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. ఇంక ఆగలేక కవరు చించాను.

కార్డు చెక్కు చెదరకుండా వచ్చింది. నీలం సిరా, చక్కటి సంతకం. పైన "డెల్బర్ట్‌కి, శుభాకాంక్షలతో." అంతే. ఇలాంటివి నా దగ్గర వందున్నాయి, ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసినవి. ఆర్లీన్‌కి చదివి వినిపించాను.

"ఏం రాసి పంపావు వాడికి?" అంది.

"అందరికీ రాసేదే. అయ్యా, చాలా ఏళ్లుగా మీ అభిమానిని, వీలుంటే సంతకం చేయగలరు, అని."

"ఎలిని పట్టుకుని అయ్యా అన్నావా?"

"పద్ధతే అది."

"నీ పద్ధతి పాడుగాను! అది చదివి వాడేమనుకుంటాడు? అసలే పెద్దాయనకి నేనంటే పడదు కదా అని నీ గురించి అంటాడు వాడు."

"ఎప్పుడన్నాడు?"

ఆర్లీన్ గొంతు తగ్గించింది.

"ఏటా నా పుట్టినరోజుకి ఫోన్ చేస్తాడు అన్నయ్యా. నువ్వు బాధపడతావని చెప్పలేదు. ప్రతిసారీ నిన్ను అడుగుతాడు. పెద్దాయన ఇప్పుడైనా నవ్వుతున్నాడా అంటాడు."

"పడదని ఎవరు చెప్పారు వాడికి?"

"నువ్వే చెప్పావు. కార్డులొచ్చిన రోజు మర్చిపోయావా? జన్మలో మొదటి కార్డు వాడికి. పెట్టె విప్పి, పైది తీసి, బాల్‌పెన్నుతో ఏదో రాసి, పరిగెత్తుకొచ్చి నీ చేతిలో పెట్టాడు. నువ్వేమన్నావు?"

గుర్తొచ్చింది. బాల్‌పెన్ను కార్డు మీద గాడి పెడుతుంది. గాడి పడిన కార్డుని మాలో ఎవరూ దాచుకోరు. "అయ్యో, పాడు చేశావే! శుభ్రమైంది ఇంకోటి తెచ్చిపెట్టు," అన్నాను. ఇంగ్లిషు రాని కుర్రాడికి ఆ మాట మాత్రం బాగా అర్థమైంది. మర్నాడు సంతకం లేని కార్డు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. మూలలు నాలుగూ బాగున్నాయని నేను సంతోషించాను కూడా. ఇప్పుడు శుభాకాంక్షలతో తిరిగొచ్చింది ఆ కార్డే.

"మొదటిదాని మీద ఏం రాశాడు?" అన్నాను.

"ఎవరికి తెలుసు? చించి చెత్తలో వేశాడు. ఆ పూట ముద్ద ముట్టలేదు."

ఆ కుర్రాడంటే నాకు ప్రాణం. మా ఊళ్లో వాడు ఆడిన ఆటలన్నీ మూడో బేస్ వెనక చెక్కబల్ల మీద కూచుని చూశాను. వాడి బ్యాట్‌కి బంతి తగలని వారం నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట వాడితో ఒక్కనాడూ అనలేదు. కార్డుని భద్రంగా పెడితే మనిషిని భద్రంగా చూసుకున్నట్టే అనుకున్నాను. నా అంత మూర్ఖుడు ఈ కొండల్లో ఇంకొకడు ఉండడు.

ఆట ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వచ్చింది. ఒక్క పరుగు వెనక ఉన్నారు, ఆఖరి బ్యాటు ఎలిదే. రెండు మంచి బంతులు వదిలేశాడు, మూడోదానికి గాలిని కొట్టాడు. మూడు తప్పితే ఔటే. అయిపోయింది. అవతలివాళ్లు ఒకరి మీద ఒకరు పడి ఎగురుతున్నారు. ఎలి లోపల బెంచీ చివర కూచుని తల మీద తువ్వాలు కప్పుకున్నాడు. టీవీవాళ్లు ఒక్క క్షణం చూపించి, వెంటనే ట్రక్కుల ప్రకటన వేశారు.

"నంబరు చెబుతా, రాసుకో," అంది ఆర్లీన్.

"ఏం మాట్లాడనే?"

"నోరు తెరిస్తే అదే వస్తుంది. రాసుకో ముందు."

ఆర్లీన్ ఫోన్ పెట్టేశాక ఎలికి చేశాను, చాలాసేపు మోగింది. తర్వాత రికార్డు చేసిపెట్టిన వాడి గొంతు, ఇప్పుడు అందుబాటులో లేను, చెప్పాల్సింది చెప్పండి అని, మొదట స్పానిష్‌లో, తర్వాత ఇంగ్లిషులో. ఆ ఇంగ్లిషు అచ్చం మా కొండల యాస. ఆర్లీన్ నేర్పిందే.

"ఆట చూశాను," అన్నాను. "ఆ ఆఖరి బంతి ఎవడికీ అందేది కాదు. నువ్విక్కడ ఆడినవన్నీ చూశాను బాబూ, ఒక్కటీ మానలేదు. నువ్వంటే పడకపోవడం కాదు. చెప్పడం చేతకాలేదు. నువ్వు మొదట ఇచ్చిన కార్డే నేను పుచ్చుకోవాల్సింది. తప్పు నాదే. చలికాలంలో ఇటొస్తే మేడగది ఖాళీగానే ఉంది."

అవతల కీచుమని శబ్దం వచ్చి లైను తెగింది. ఫోన్ బల్ల మీద పెట్టి కూచున్నాను. నీళ్లు తాగాను. అప్పుడు తట్టింది, ఇంత మాట్లాడి నేనెవరో చెప్పనేలేదు.

మళ్లీ అదే నంబరు నొక్కాను. ఈసారి ముందు నా పేరు చెప్పాను.