మూడుసార్లు ఇచ్చిన పొలం

పెళ్ళికూతుళ్ళను ముస్తాబు చెయ్యడం నా వృత్తి. నుదుటి మీద నల్లరంగుతో రేకులు దిద్దుతాను, పట్టు లుంగీ మడతలు సర్దుతాను, నిఖా ముగిసే వేళకు పిల్లను గదిలో కూర్చోబెట్టి లోపల గడియ పెడతాను. పెళ్ళికొడుకు వాళ్ళు తలుపు కొట్టాలి, బతిమాలాలి, మిఠాయో కవరో ఇచ్చి నన్ను మంచి చేసుకోవాలి. అప్పుడు తలుపు తీస్తే అతను లోపలికొచ్చి పెళ్ళాన్ని మొదటిసారి ముట్టుకుంటాడు. సముద్రం నడుమ మా దీవిలో బుగిస్ జాతి వాళ్ళ ఆచారం అది. ఇప్పటికి రెండు మూడు వందల తలుపులు తీసి ఉంటాను. మా చెల్లెలి కూతురు రస్మియా పెళ్ళిలో మాత్రం తియ్యనని మొండికేశాను.

పెళ్ళికొడుకు వాళ్ళు పిల్ల ఇంటికిచ్చే పెళ్ళి ఖర్చుల సొమ్ము కోసం మావాళ్ళు మూడు నెలలు బేరమాడతారు. ఎవరింటికి ఎంత పలికిందో చేపల బజారులో కూడా చెప్పుకుంటారు. మతం ప్రకారం పిల్లకు దక్కాల్సిన మెహర్ మాత్రం ఒక్క ఊపిరిలో తేలిపోతుంది. ఫలానా చోట ఎకరం పొలం అని ఇమాము చదువుతాడు, అందరూ తలూపుతారు, అంతటితో సరి. ఆ పొలంలో ఆ పిల్ల కాలు పెట్టిన పాపాన పోదు.

నాకూ ఒకటి చదివారు. మా ఆయన పోయాక పంట కోసుకుందామని కొడవలి పట్టుకుని వెళ్తే మా మరుదులు నవ్వారు. "నిఖాకి ఏదో ఒకటి చదవాలి కదా వదినా, నిజంగా ఇస్తారనుకున్నావా?" అన్నారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పటినుంచి మగ్గం నేసుకుంటూ, ఊళ్ళో పిల్లలకు రేకులు దిద్దుకుంటూ బతికాను. రస్మియా ఆ మగ్గం పక్కనే పెరిగింది.

పెళ్ళికొడుకు అస్రుల్ మంచివాడే. వాళ్ళ నాన్న హాజీ బెద్దుకు పదకొండు పొలాలున్నాయి. ఆ రోజు ఇమాము సనూసి గారు మెహర్ చదివారు. టెంపె చెరువు గట్టు దిగువన, మామిడిచెట్టు పక్కనున్న ఎకరం. నిఖా అయింది. జనమంతా పెళ్ళికొడుకును వెంటబెట్టుకుని గది ముందుకొచ్చి తలుపు కొట్టారు. అలవాటు ప్రకారం ఆటపట్టిద్దామని నేను నోరు తెరిచేలోపు రస్మియా మంచం దిగొచ్చి గడియ మీద చెయ్యి వేసింది.

"తియ్యకు పెద్దమ్మా. మిఠాయి వద్దను, పొలం కాగితం ఇమ్మను" అంది.

స్తంభాల మీద లేపిన ఇల్లు మాది, కింద పందిట్లో ఊరు ఊరంతా భోజనాలు చేస్తోంది. మా చెల్లెలు మూల కూర్చుని, పరువు పోతుందే అని అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. నాకు మాత్రం మా మరుదుల నవ్వు చెవిలో గింగురుమంది. గొంతు సవరించుకుని, పిల్ల అన్నమాట అన్నట్టుగా బయటికి వినిపించాను.

వేళాకోళం అనుకుని అందరూ నవ్వారు. తలుపు కిందనుంచి ఒక కవరు తోశారు. రస్మియా దాన్ని కాలితో వెనక్కి తోసింది. ఇంకొకటి వచ్చింది, అదీ పోయింది. బయట నవ్వులు ఆగిపోయాయి.

ఆచారం ఆచారంలాగే ఉండాలని, సరసం శ్రుతి మించకూడదని హాజీ బెద్దు గట్టిగా అన్నాడు.

"సరే మామయ్యా, ఆచారం పక్కన పెడదాం, షరియత్ మాట్లాడదాం" అంది రస్మియా. "ఇమాము గారూ, మెహర్ చేతికందేదాకా మొగుడి దగ్గరికి రానని పెళ్ళాం అనొచ్చా, అనకూడదా?"

ఇమాము చాలాసేపు దగ్గాడు. చివరికి, "అనొచ్చమ్మా. కాకపోతే మన ఊళ్ళో ఇంతవరకూ ఎవరూ అనలేదు" అన్నాడు.

"ఇవాళ నేనన్నాను."

అప్పుడు బయట ఎవరో ఆడమనిషి నవ్వింది. తలుపు చీలికలోంచి చూస్తే హాజీ బెద్దు పెద్దకోడలు జుమ్రియా. పెళ్ళికూతురికి తెచ్చిన సారె బుట్ట ఆవిడ చేతిలోనే ఉంది.

"మామిడిచెట్టు పక్కదా? అది నాది కదా! ఆరేళ్ళ కిందట ఈ ఇమాము గారే నాకూ చదివారు."

బుట్ట కింద పెట్టి, నన్నూ లోపలికి రానీ పెద్దమ్మా అంది. మనిషి పట్టేంత సందు తీసి ఆవిణ్ణి లాక్కుని మళ్ళీ గడియ పెట్టాను.

తన వంశం పరువు బజారున పడేస్తున్నారని హాజీ బెద్దు కేకలు వేశాడు. పరువు మాటెత్తితే మా బుగిస్ వాళ్ళు కత్తి దూస్తారు, అందుకే అందరి నోళ్ళూ మూతపడ్డాయి. రస్మియా నోరు మూతపడలేదు.

"ఒక్క పొలాన్ని ఇద్దరికిచ్చినప్పుడు నిలిచిన పరువు, అడిగితే పోతుందా మామయ్యా?"

అస్రుల్ తండ్రికి ఎదురు చెప్పలేదు. అలాగని తండ్రి పక్కనా నిలబడలేదు. పెళ్ళి బట్టలతోనే గుమ్మం ముందు చతికిలబడి, కాగితం వచ్చేదాకా కదలనన్నాడు. ఆ మాటకే వాడు నాకు నచ్చాడు.

కాసేపటికి తలుపు మీద మెల్లగా చప్పుడైంది. పెళ్ళికొడుకు తల్లి హాజా మారో. ఆవిడ గొంతు పెంచగా ఊళ్ళో ఎవరూ వినలేదు.

"నేనమ్మా. ఆ పొలం ముందు నాకు చదివారు. నలభై రెండేళ్ళయింది."

ఆవిడ పట్టేంత తలుపు తీసి, వెనకే గడియ పెట్టాను. ఆవిడ వచ్చి కోడళ్ళిద్దరి మధ్యా కూర్చుంది, చెంగుతో మొహం తుడుచుకుంది, కూర్చున్నచోటినుంచే మొగుడితో మాట్లాడింది.

"ఏమండీ, పదకొండులో మూడు పోతే మనింట్లో కుండ ఖాళీ అయిపోదు. మూడు కాగితాలు రాయండి. అప్పటిదాకా నేనూ ఇంటికి రాను."

మూడూ రాయించమన్నాడు హాజీ బెద్దు. ఊరిపెద్దను అన్నం ముందునుంచి లేపి పైకి తీసుకొచ్చారు. ఎవరో కొట్టుకెళ్ళి ప్రభుత్వ స్టాంపులు తెచ్చారు. ఇమాము సాక్షి సంతకం పెట్టాడు. ఒకే పొలాన్ని మళ్ళీ మళ్ళీ చదివిన నోటికి ఆ మాత్రం శిక్ష ఉండాల్సిందే. గంట గడిచాక తలుపు కిందనుంచి కాగితాలు ఒక్కొక్కటే లోపలికొచ్చాయి. మామిడిచెట్టు పక్కది హాజా మారోకి. ఇంకో రెండు పొలాలు కోడళ్ళిద్దరికీ. రస్మియా వేలు పెట్టి హద్దులన్నీ సరిచూసింది.

హాజా మారోకి చదువు రాదు. తన కాగితం తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి కోడలి చేతికిచ్చింది. రస్మియా అత్తగారి పేరు, ఆవిడ తండ్రి పేరు, పొలం, నాలుగు హద్దులు చదివింది. మళ్ళీ చదవమందావిడ. మళ్ళీ చదివింది.

"అమ్మా, ఇక లోపలికి రావచ్చా?" అన్నాడు బయటినుంచి అస్రుల్.

"ఆగరా" అంది వాళ్ళమ్మ. "నా పేరు ఇంకోసారి విననీ."