ఆరని కమాను

యూనివర్సిటీ పాత మేడ వరండాలో నడుస్తున్నాను, నడిచేకొద్దీ వరండా పొడుగవుతోంది, కాళ్ళ కింద గచ్చు ఒకచోట గచ్చులాగే ఉంది, ఇంకొకచోట పొలంలా దిగబడుతోంది, చివర కమాను దగ్గర మా అన్న దాలయ్య గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అన్న పోయి చాలా ఏళ్ళయిందని తెలుసు. తాపీపనిలో ఈ పాత కమానుని బాగుచేస్తూ, అది సగంలో ఉండగానే జ్వరం తగిలి పోయాడు. ఆ తరువాత ఎవరూ దానికి చెయ్యి పెట్టలేదు, కూలకుండా కింద ఒక దుంగ నిలబెట్టి వదిలేశారు. అయినా అన్న పొగ వదులుతుంటే నాకు వింతగా లేదు.

"ఏరా పోలిగా, పూర్తయినాదేటి?" అంటున్నాడు.

నోరు తెరిస్తే ఈగలు దూరతాయి. గోడ నిండా ఈగలే, కమాను మీది పూత చెమట పట్టినట్టు జిగటగా కారుతోంది, ఆ జిగటలో చీమలు కాళ్ళు ఇరుక్కుని కొన్ని కదులుతున్నాయి, కొన్ని కదలడం లేదు.

"ఏటిరా ఈ కంపు? పులిసిన కల్లు కుండేటి?"

"బెల్లమన్నా."

"బెల్లం మనమూ ఏసినాం గదరా, సున్నంలో, కరక్కాయ నీళ్ళతో."

"ఈ కంట్రాక్టరోళ్ళు సిమెంటులో పోసినారు. పాత పద్ధతిలో బాగుసేత్తన్నామని."

అన్న దగ్గు తన్నుకొచ్చేదాకా నవ్వుతున్నాడు. "సిమెంటులో బెల్లం పోత్తే గట్టిపడతాదేట్రా? పాకం పట్టి జీళ్ళు సెయ్యమనకపోయినావా!"

నవ్వుతూనే గోరు పెట్టి గోడ గిల్లుతున్నాడు, పుండు మీది పక్కులా పూత ఊడివస్తోంది. దాని కింద పసుపు రంగు, అందులోంచి కాలేజీ పిల్లల గోల. ఇంకా గిల్లుతున్నాడు, ఆకుపచ్చ పొర, యుద్ధకాలంలో ఇది ఆసుపత్రిగా ఉన్నప్పటిది, ఫినాయిలూ చీమూ కలిసిన వాసన, ఎవరో నీళ్ళు నీళ్ళు అని మూలుగుతున్నారు. అన్నిటికీ కింద రాజావారి కచేరీనాటి మొదటి సున్నం, కోడిగుడ్డు పెంకులా నున్నగా. అన్న దానికి చెంప ఆనించి, "సల్లగుందిరా" అంటున్నాడు, అనేలోపు పైనుంచి బెల్లం సిమెంటు జారివచ్చి ఆ తెలుపునీ అన్న చెంపనీ కలిపి కప్పేస్తోంది.

"రేపు పెద్దోళ్ళు సూడ్డానికొత్తారట," అంటున్నాను. "పైన తెల్లపూత కొట్టి కమాను ముగించెయ్యమన్నాడు సూపర్‌వైజరు బాబు. దుంగ తీసేత్తారు."

"మరి నువ్వేటన్నావు?"

"ఏటీ అన్లేదు. నీ కమాను నానే పూర్తి సేత్తానని అమ్మకి మాటిచ్చినాను. ఇప్పుడు కాదంటే మళ్ళీ ఎవలు పనికి పిలుత్తారు నన్ను?"

చీమలు అన్న పెదవుల దాకా పాకాయి. తూ అని ఉమ్ముతున్నాడు. "ఈ పెంటని నా పేరున అంటగడతావేట్రా? సగముంటే సగమనే ఉండనీ. దీని కింద సదువుకునే గుంటలు కూకుంటారు. ఆళ్ళ నెత్తిన పడితే అదీ నా పనేనంటారు."

"అది కాదన్నా..."

"సూడు మరి, నీ సేత్తోనే సూడు." నా చెయ్యి పట్టి కమానులోకి నొక్కుతున్నాడు, మణికట్టు దాకా దిగిపోయింది, లోపల గోరువెచ్చగా ఉంది, కుళ్ళిన పండులో వేలు పెట్టినట్టుంది, ఏవేవో వేళ్ళ మధ్య మెసులుతున్నాయి, లాగితే రావడం లేదు, దుంగ పక్కకి ఒరుగుతోంది, తియ్యరా తియ్యరా అని అరుస్తున్నది అన్నో నేనో తెలియడం లేదు.

"ఏటలాగ గోడ రక్కేత్తన్నావు?" మా ఆవిడ బంగారమ్మ నా భుజం పట్టి కుదిపింది. "లే, తెల్లారిపోనాది. సూపర్‌వైజరు బాబు ఫోను."

ఫోను చెవికి పెట్టింది. అవతల ఆయన తెల్లపూత గురించి ఏదో అంటున్నాడు. సాంతం విన్నాను.

"దుంగ తియ్యకండి బాబూ," అన్నాను. "పూత ఎయ్యను. వచ్చి ఆ పెంటంతా గోకేత్తాను."

ఆయన ఏమన్నాడో వినకుండా ఫోను ఆవిడకిచ్చేశాను.

"ఇంకేటి పనిత్తారు నీకు!" అంది.

పూత వేసే తాపీ గూట్లో పెట్టి, సుత్తీ ఉలీ సంచిలో వేసుకున్నాను. గోళ్ళలో నిన్నటి బెల్లం సిమెంటు మాలు ఉంది. బొటనవేలితో నొక్కితే ఇంకా మెత్తగానే సాగింది.