నాలో ఒకే ఒక్క మాట

నేను ఒక నల్లటి రికార్డును. నాలో పాట లేదు. గిటారు, పియానో, డ్రమ్ములు, అంతే. రాక్ సంగీతంలో కాస్త జాజ్, కాస్త పాత పాశ్చాత్య శాస్త్రీయం కలిపి విశాఖపట్నం అన్నదమ్ములు నన్ను కన్నారు. కన్నారనడం కంటే కొట్టుకు చచ్చి పుట్టించారనడం నిజం.

పెద్దవాడు మనష్షే డ్రమ్ములు వాయిస్తాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది. చిన్నవాడు ఎఫ్రాయిము పియానో ముట్టుకుంటే చర్చిలో ముసలమ్మలు ప్రార్థన మరిచిపోయేవారు. గిటారుకు ఇంకొకతను ఉండేవాడు. ముగ్గురిదీ ఓ పద్ధతి: వాయించేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు, ఎవరు తప్పినా మిగతావాళ్లు ఆపకూడదు. మద్రాసు స్టూడియోలో ఆ పద్ధతే కొంప ముంచింది.

నేను అప్పటికింకా టేపునే. ఆఖరి బాణీలో మనష్షే నాలుగు దెబ్బల తాళంతో ఉరుకుతున్నాడు. తమ్ముడికి జాజ్ పూనింది, ఏడు దెబ్బలకు లాగాడు. అన్న కళ్లెర్రజేశాడు. తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు ఓర్వలేకపోయాడు మహానుభావుడు! సింబల్ అనే ఇత్తడి పళ్లెం బిగించిన ఇనుప స్టాండు ఎత్తి ఆ వేళ్ల మీదికే దించాడు. మళ్లీ దించాడు. వేళ్ల కింద పియానో మెట్లు విరిగాయి, ఎముకలు విరిగాయి, పియానో నిండా నెత్తురు చిమ్మింది. "అన్నా!" అని తమ్ముడు పెట్టిన కేకే నాలో ఉన్న ఒకే ఒక్క మాట. గిటారు అతను మాత్రం పద్ధతి తప్పకుండా వాయిస్తూనే ఉన్నాడు.

ఎఫ్రాయిము చెయ్యి మళ్లీ పియానో ఎక్కలేదు. ఇంకోసారి రికార్డు చేసే దారి లేక కంపెనీ ఉన్నదున్నట్టే అచ్చేసింది. విన్నవాళ్లు ఆ ముక్కకే వెర్రెత్తిపోయారు. "ఏం ప్రయోగమండీ, ఒళ్లు జలదరించింది!" అన్నారు. ఎముక విరిగినా తాళం వెతుక్కునే జాతి ఇది.

ఆ రోజు నుంచి ఎఫ్రాయిము "అన్నా" అని పిలవలేదు. ఆ పిలుపు కోసం మనష్షే మొహం వాచిపోయాడు. ఏళ్ల తరవాత, "వస్తాను, రికార్డు విందాం" అని తమ్ముడు కబురు పెట్టాడు. ఆ కేక వాడి చెవిన పడకూడదు. మనష్షే మేకు తీసి, ఆ కేక ఉన్నచోట నా ఒంటిని కసిగా గీకాడు. సూది ఆ చోటు దాటి దూకేస్తుందనుకున్నాడు పిచ్చివాడు.

తమ్ముడు వచ్చి, తనే నన్ను తిప్పి సూది పెట్టాడు. సూది దూకలేదు, ఇరుక్కుంది.

"అన్నా! అన్నా! అన్నా!"

మనష్షే పరుగెత్తుకొచ్చాడు. ఎఫ్రాయిము వంకర చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఉండనీ. ఈ పిలుపు కోసమే కదేటి ఇన్నాళ్లూ చూసావు? ఇనుకో. నా కాడ మరి లేదు."

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మనష్షే నా ముందు కూలబడ్డాడు, సూది తియ్యలేదు. నేను పిలుస్తూనే ఉన్నాను.