అత్తగారి తొలి పూజ

చీపురు కర్రతో దబ్ దబ్‌మని తలుపు బాదింది అత్తగారు ఒబ్దూలియా. "లేవమ్మా మహారాణీ! వీధిలో అన్ని గడపలూ తడిశాయి. వచ్చేపోయేవాళ్ళంతా నీ కిటికీ చూసి నవ్వుకుంటున్నారు!"

ఎల్విరాకు అప్పుడప్పుడే నిద్ర పట్టింది. పదిహేనేళ్ళు నిండిన ఆడపిల్లల వేడుకలకు గౌన్లు కుడుతుందామె. పగలంతా వంటిల్లు వదలదు. ఇంటిల్లిపాదీ పడుకున్నాకే కుట్టు మిషను ఆమెది. అప్పుడే చేయి తిరుగుతుంది, మనసు తేలికవుతుంది, తనలో తను పాడుకుంటుంది కూడా. కానీ సాన్ హసింతో ఊళ్ళో ఆడదాని విలువ గడప ముందే తేలుతుంది. చెట్ల నుంచి రాలిన ఊదారంగు హకరందా పూలన్నీ తెల్లారకముందే ఊడ్చి నీళ్ళు చల్లితే ఇల్లాలు, లేకపోతే బద్ధకస్తురాలు. రాత్రి ఎప్పటిదాకా మేలుకుందో అడిగిన పాపాన ఎవరూ పోరు. భర్త ఫెర్మిన్ డొమినోలాడి ఎప్పుడో వచ్చి, బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటాడు. "పాపం, మగాడు, అలిసిపోయాడు" అంటారు అతన్ని.

నిన్న అతను తేల్చి చెప్పేశాడు. "రాత్రంతా దీపం వెలిగే ఇంట్లో ఆడదాని గురించి ఏమనుకుంటారో తెలుసా నీకు? సోమవారం నుంచి అమ్మతో పాటు లేస్తావా, సరే. లేదంటే ఆ మిషను మా అక్కింటికి పోతుంది. అమ్మని చూసి నేర్చుకో! నలభై ఏళ్ళుగా చీకటితోనే లేచి, ఊడ్చి, చర్చిలో తొలి పూజకి పోతుంది. ఒక్కరోజైనా ఆవులించగా చూశావా?"

చూడలేదు. అదే ఎల్విరా గుండెల్లో ముల్లు. తన పుట్టుకలోనే ఏదో లోపముందేమో అనుకునేది.

కళ్ళు నులుముకుంటూ వంటింట్లోకి వెళ్ళేసరికి అత్తగారు పూజకి వెళ్ళి చాలాసేపైంది; ఆమె రక్తపోటు మాత్ర మాత్రం బల్ల మీదే ఉంది. "చర్చికెళ్ళి ఇచ్చిరా, పరిగెత్తు" అన్నాడు ఫెర్మిన్, అటు తిరిగి పడుకుంటూ.

పూజ అయిపోయి చర్చి ఖాళీగా ఉంది. పాపాలు చెప్పుకునే చెక్కగదిలోంచి గురక. ఫాదర్‌గారే అనుకుంది. తెర కింద అత్తగారి చెప్పులున్నాయి.

తెర తొలగించి చూసింది. ఫాదర్ కూర్చునే పీట మీద, కాళ్ళు ముడుచుకుని, నోరు తెరుచుకుని, తల కింద మాసిన కుట్టుపూల దిండుతో అత్తగారు! ఎల్విరా చేతిలో మాత్ర జారిపోయింది.

"అమ్మో! అత్తయ్యా!"

ఒబ్దూలియా ఉలిక్కిపడి లేచి, కోడలి చేయి పట్టేసుకుంది. "నీకు దణ్ణం పెడతా, వాడికి చెప్పకే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నా మూడో కాన్పయ్యాక మా అత్త చూపించింది ఈ చోటు. ఈ దిండూ ఆవిడదే. ఇంకో రెండేళ్ళాగి నీకూ చూపిద్దామనుకున్నా."

ఇన్నేళ్ళూ తన తలుపు బాదిన చేతులు నిద్ర చాలని చేతులా! తనకు ఆస్తిగా దాచిపెట్టింది హాయిగా నిద్రపోయే హక్కును కాదు, దొంగచాటుగా నిద్రపోయే ఈ మూలనా! ఎల్విరాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి నా తలుపెందుకు బాదారత్తయ్యా?"

"ఏమోనే" అంది ముసలామె, నిజంగానే ఆలోచిస్తూ. "నాకూ బాదారు కదా."

ఎల్విరా దిండు తీసి చంకన పెట్టుకుంది. "ఇది ఇంటికి పట్టుకెళ్తున్నా. మీ మంచం మీద వేస్తా."

"అయ్యయ్యో! ఊరేమనుకుంటుందే?"

"మీరు నిద్రపోతుంటే మీకెలా వినబడుతుంది?" అంది ఎల్విరా.

సోమవారం తలుపు చప్పుడు కాలేదు. అలవాటుకొద్దీ ఉలిక్కిపడి లేచి కూర్చుంది ఎల్విరా. గడప ఊడ్చారో లేదో చూద్దామని పొద్దున్నే వీధిలోకి వెళ్ళిన ఫెర్మిన్ కేక పెట్టాడు. గడప ముందంతా ఊదారంగు పూలు, కాలు పెట్టే చోటు లేదు. ఎదురింటి ఆడవాళ్ళు నోటిమీద చేతులేసుకుని నిలబడ్డారు.

"అమ్మా! ఏమైందే నీకు? ఒంట్లో బాలేదా?"

లోపలి గదిలోంచి ఓ పెద్ద ఆవులింత వీధిదాకా వినిపించింది.

"చీపురు తలుపు వెనకాలే ఉంది నాన్నా. నీళ్ళు కూడా చల్లు."