పోశవ్వ తినలేదు

షుగరు వచ్చినవాళ్లు సాధారణంగా ఆ సంగతి దాచుకుంటారు. పోశవ్వ మాత్రం తాను దాన్ని అదుపులో పెట్టిన తీరు గోదావరిఖని అంతా చెప్పుకోవాలనుకునేది. బొగ్గుబావి కార్మికుల కాలనీలో ఏ ఆడమనిషికి కొత్తగా షుగరు వచ్చినా పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్లి కూర్చునేది. "అన్నం బంద్ పెట్టు, జొన్నరొట్టె తిను, పొద్దుగాల నడువు. నన్ను సూడు" అని చెప్పి వచ్చేది. గర్వమా అంటే గర్వమే. ఏళ్ల తరబడి నోరు కట్టుకున్న మనిషికి ఆ మాత్రం ఉండదా?

సకల జనుల సమ్మె జరిగిన మరుసటి ఎండాకాలం ఆ గర్వానికి దెబ్బ తగిలింది. మూడు నెలల షుగరు చెప్పే రక్తపరీక్షలో ఎప్పుడూ ఏడు దాటని అంకె తొమ్మిదికి ఎక్కింది. ఒళ్లు కూడా పెరిగింది. క్లినిక్కులో డాక్టరు కాగితం చూసి నవ్వాడు.

"ఏమ్మా, అందరికీ చెప్పేదానివి, నువ్వే చాటుగా స్వీట్లు లాగిస్తున్నావా?"

"నేను తినలే సారూ."

"తినకుండా ఇంత ఎలా పెరుగుతుంది?"

తలుపు దగ్గర వరుసలో కూర్చున్న లస్మవ్వ కిసుక్కున నవ్వింది. పోశవ్వ పాఠాలు అందరికంటే ఎక్కువ విన్నది ఆమే మరి. సాయంత్రానికి కబురు కాలనీ చుట్టి వచ్చింది.

ఇంట్లోనూ అంతే. కొడుకు కిషన్ కసిరాడు. కోడలు శోభ బెల్లం డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. పోశవ్వ తన ఇంట్లో తానే దొంగయింది. మొగుడు ఎల్లన్న షిఫ్టు దిగి వచ్చి, ప్రేమగానే, "పోనియ్యే, తింటే తిన్నవు. ఒప్పుకుంటే అయిపాయె" అన్నాడు. అందరి మాటలకన్నా ఆ మంచి మాటే ఆమెను ఎక్కువ కాల్చింది. తిట్టేవాళ్లకు జవాబు చెప్పొచ్చు, క్షమించేవాళ్లకు ఏం చెబుతాం?

మర్నాడు కోడలిని పిలిచింది.

"శోభా, ఇయ్యాల్టి సంది నా కూడు నీ చేతులనే ఉన్నది. నువ్వు పెడితేనే తింట. నేను బయటికి పోతే ఎంబడి రా. పంటే పక్కన పండు."

"గట్లెందుకు అత్తమ్మా?"

"నన్ను దొంగన్నరు బిడ్డా. నాకు సాక్షి కావాలె."

శోభ విసుక్కుంటూనే ఒప్పుకుంది. మొదట్లో దొంగను పట్టుకోవాలనే చూసింది. దొంగతిండి దొరకలేదు కానీ వేరే సంగతులు కంటబడ్డాయి. రాళ్లు పగిలే ఎండల్లో ఇంటిల్లిపాదీ కూలరు ముందు చోటు కోసం కొట్లాడుకుంటుంటే, అత్త మూలన దుప్పటి కప్పుకుని కూర్చునేది. మొహం ఉబ్బింది, కాళ్లు వాచాయి. కూరగాయలకు వెళ్లి వచ్చేలోపు ఆయాసంతో దారి పొడుగునా ఆగేది. ఇంతకాలం అందరూ ఆమె నోటివంకే చూశారు గానీ మనిషిని చూసినవాళ్లు లేరు. శోభకు సిగ్గేసింది. అత్తను వెంటబెట్టుకుని క్లినిక్కుకు వెళ్లింది.

"సార్, మా అత్తమ్మ చాటుగ ఏం తింటలేదు. నేను ఎంబడే ఉండి సూశ్న. గానీ గీ ఎండల గూడ చలి పెడుతుందంటది. గిదేందో జర సూడుండ్రి."

ఎండల్లో చలి అనేసరికి డాక్టరు మొహంలో నవ్వు పోయింది. మెడ తడిమాడు, కాళ్ల వాపు నొక్కి చూశాడు. ఈసారి షుగరుకే కాక థైరాయిడుకు, కొవ్వుకు, గుండె మీద ఎంత భారం పడుతోందో తెలిపే పరీక్షకు కూడా రక్తం తీయించాడు.

ఫలితాలు వచ్చిన రోజు ఎల్లన్న డ్యూటీ మానుకుని వెంట వచ్చాడు.

"థైరాయిడు బాగా మందగించిందమ్మా," అన్నాడు డాక్టరు. "అది మందగిస్తే ఒళ్లంతా మందగిస్తుంది. షుగరు అదుపు తప్పుతుంది, కొవ్వు పెరుగుతుంది. గుండె కూడా అలిసిపోయింది. గుండె సంగతి ఉంది కాబట్టి థైరాయిడు గోలీ చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదాం." కాగితం పక్కన పెట్టి, "నువ్వు చాటుగా ఏమీ తినలేదు. తప్పు నాదే," అన్నాడు.

"గా మాట బయటికొచ్చి చెప్పుండ్రి సారూ. పదిమందిల అన్నరు, పదిమందిల్నే చెప్పాలె."

డాక్టరు లేచాడు. బయటికి వచ్చి, వరుసలో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా చెప్పాడు. అది ఆయన పెద్దరికం. లస్మవ్వ ఆ రోజు రాకపోవడం ఒక్కటే పోశవ్వకు లోటు. మా అత్తమ్మ అంటే ఏమనుకున్నారన్నట్టు శోభ అందరివంకా చూసింది.

ఎల్లన్న మాత్రం గుండె అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఏళ్లుగా భూమి అడుగున బొగ్గు కొట్టిన మనిషి, బెంచీ మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"ఒక్క షుగరు సాలదని ఇంకో రెండొచ్చె. ఎట్లనే పోశవ్వా?"

"ఏడుస్తవేంది?" అంది పోశవ్వ. "మూడు రోగాలకు మూడు గోలీలున్నయి. దొంగ అన్న పేరుకు ఏ దవాఖానల ఉన్నది గోలీ? గా పేరు పోయింది. లే, ఇంటికి పోదాం."

ఆయాసపడుతూనే అందరికంటే ముందు నడిచింది.