చిన్నబోయిన మనుషులు

ఎల్లారెడ్డిలో నల్లా వచ్చే వేళకే సుకన్య లేస్తుంది. బిందెలు నింపి, పీట ఎక్కి నిలబడి పొయ్యి మీద చాయ పెడుతుంది. పెండ్లినాడు మొగుడి భుజం దాకా ఉన్న మనిషి, ఇప్పుడు నడుము దాకా వస్తుంది. మాట పడ్డప్పుడల్లా కాస్త చిన్నబోతుంది. వాడలో అదేం వింత కాదు. జాకెట్లు కుట్టే ఈరవ్వ ఏమీ అడగకుండానే పాతవాటిని బిగించి ఇస్తుంది.

శైలేందర్‌కు ఎరువుల దుకాణం ఉంది. తాగడు. చెయ్యెత్తడు. ఆ సంగతి పదిమందిలో చెప్పుకుంటాడు కూడా. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, గొంతు పెంచకుండానే అంటాడు: "గింత చాయ పెట్టుడు సుత రాదు. నిన్ను చేసుకునుడే నా కర్మ." సుకన్య బదులు చెప్పడం ఎప్పుడో మానేసింది. దానికీ ఓపిక కావాలి.

అత్త మంగవ్వ గోడ గూట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుంది. గూట్లో పట్టేంత మనిషి ఆమె. మామ పోయి చానా ఏండ్లయింది.

బళ్లు తెరిచిన రోజు సుకన్య బిడ్డ స్వాతికి నిరుటి గౌను తొడిగింది. పొట్టిదైపోవాల్సిన గౌను మడమల మీద పడింది.

"బాపు ఏమన్నడే?"

"లెక్కలు రాకుంటే మొద్దుదానా అంటడు. మీ అమ్మ లెక్కనే తయారైతున్నవ్ అంటడు. దినాం అంటడు."

సుకన్య ఆ గౌను అంచు పట్టుకొని చూసింది. తరువాత లేచి, కామారెడ్డిలో ఉన్న అన్న శేఖర్‌కు ఫోన్ చేసింది.

పిల్లను తీసుకొని అన్న దగ్గరికి పోతానంటే శైలేందర్ ఒప్పుకోలేదు. ఆదివారం కులపెద్ద సిద్దిరాములు వాకిట్లో అందరూ కూర్చున్నారు.

"కొట్టిండా బిడ్డా?" అడిగాడు సిద్దిరాములు.

"లేదు పెద్దబాపు."

"తాగొచ్చి లొల్లి చేస్తడా?"

"చెయ్యడు."

"మరేంది? ఉత్త మాటలకు ఇల్లిడిసి పోతరా?"

"నేనొక్క దెబ్బ కొట్టినట్టు చూపెట్టుండ్రి," అన్నాడు శైలేందర్.

సుకన్య ఒళ్లో కూర్చున్న మంగవ్వ తలెత్తింది. "సిద్దిరాములూ, నా పెండ్లికి నువ్వచ్చినవ్. అప్పుడు నేనెంత ఉంటి?"

"నిండుగ, ఎత్తుగ ఉంటివి వదినె."

"మీ అన్న సుత నన్ను ఒక్కనాడు కొట్టలే."

సిద్దిరాములు ముసలామెను చూశాడు, సుకన్యను చూశాడు, గౌను కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టుకొని నిలబడ్డ పిల్లను చూశాడు.

"గివి దెబ్బలేరా శైలేందర్," అన్నాడు అలిసిన గొంతుతో. "మేమే ఇన్నొద్దులు లెక్కలకు తీసుకోలే. పోనియ్యి వాళ్లను."

శైలేందర్ లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"నేను గూడ వస్త బిడ్డా," అంది మంగవ్వ. సుకన్య ఆమెను చంకనెత్తుకొని, స్వాతి చెయ్యి పట్టుకొని కామారెడ్డి బస్సెక్కింది.

శేఖర్ ఇంటి మీది గదిలో ఉంటూ సుకన్య చీరలకు ఫాల్స్ కుడుతోంది. పని కాగానే నిద్రపోతుంది. ఎన్నేండ్ల నిద్రో, ఎంత పోయినా తీరడం లేదు. మంగవ్వ అంతే ఉంది. స్వాతి మాత్రం బతుకమ్మ నాటికి తల్లిని దాటింది.

"నువ్వెప్పుడు పెరుగుతవ్ అమ్మా?" అని అడిగింది ఓ పగటిపూట.

"చూద్దాం బిడ్డా. ఇయ్యాలైతే జెర పండుకుంట."

స్వాతి దుప్పటి తెచ్చి తల్లికి కప్పింది. సగం దుప్పటే సరిపోయింది. మిగతా సగంలో తనూ ముడుచుకొని పడుకుంది.