ఈ పడటం ఎవరిది

తెల్లారితే ఆ సర్కస్‌లో మొదట లేచేవి గుర్రాలు, తర్వాత వంటవాడు, ఆ తర్వాత యజమాని తిట్లు. ఆ రోజూ అంతే. వంటవాడు పొయ్యి రాజేసి పొగ మింగుతున్నాడు. జోకరు గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహం చూసి తనే చిరాకు పడుతున్నాడు. పెద్ద డేరాలో ఇద్దరు ఆడవాళ్ళు రంపపు పొట్టు చదును చేస్తూ, మధ్యలోకి వచ్చేసరికి మాత్రం నడుం వంచి పక్కకి తప్పుకుంటున్నారు, పిట్ట తలకి వీపు తగలకుండా.

పిట్ట ఉయ్యాలల మీద ఎగిరే అమ్మాయి. ఈ ఊళ్ళో డేరా వేసిన రోజే, మొదటి ఆటలోనే పైనుంచి పడింది. ఇంకా పడుతూనే ఉంది. తలకిందులుగా, రెండు చేతులతో ఉయ్యాల కర్ర పట్టుకుని, ఆ కర్రకున్న తాడు పాదాల వైపు తేలుతూ, మెల్లగా దిగుతోంది. మొదట్లో ఆమెకి నీళ్ళు పట్టాలంటే నిచ్చెన కావలసివచ్చేది. ఇప్పుడు నిలబడి మాట్లాడితే మొహాలు ఎదురెదురుగా ఉంటున్నాయి.

అందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు. ఆ ఇంట్లోవాళ్ళు అంతే, నెమ్మదిగా పడతారు. పిట్ట తాతయ్య వానలప్పుడు జారి చలికాలంలో నేల చేరాడు. ఆకులా దిగుతున్నాడు కదా, పక్క పరిస్తే చాలనుకున్నారు పాపం. వల కట్టారు, పరుపులు వేశారు. చివరి జానెడులోకి వచ్చేసరికి ఆ ఎత్తంతా ఒక్కసారిగా వచ్చి ఆయన మీద పడింది. పరుపులు బాగానే ఉన్నాయి, తాతయ్యే లేడు.

దాన్ని తప్పించే దారి ఒక్కటే ఉందని ఆ సర్కస్‌లో అందరికీ తెలుసు. పడటం ఎవరివల్ల జరిగిందో వాళ్ళు నోరు తెరిచి ఒప్పుకుంటే అది వాళ్ళది అయిపోతుంది. తాతయ్య విషయంలో ఎవరూ ఒప్పుకోలేదు. అందుకే ఈసారి యజమాని ఆలస్యం చెయ్యకుండా డిటెక్టివ్‌కి కబురు పెట్టాడు.

డిటెక్టివ్‌ది పెద్ద పొట్ట, చిన్న గొంతు. ఎప్పుడూ నోట్లో వక్కపలుకు వేసుకుని నములుతూ ఉంటాడు. ఇంకో సర్కస్‌లో ఎలుగుబంటి బోను తలుపు తీసిందెవరో పట్టుకున్నవాడు. డేరాలోకి వచ్చి టోపీ తీసి, పిట్టని చూసి, రైలు సంగతి అడిగినట్టు అడిగాడు.

"ఎప్పటికి దిగొచ్చు?"

"ఈ పూటో, రేపో," అంది పెద్దమ్మ.

సర్కస్‌లో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆమె పిట్ట తల్లి. ఒకప్పుడు తనూ ఎగిరింది. మోకాళ్ళు మొరాయించాక ఉయ్యాలలకి తాళ్ళు కట్టే పని చేతిలోకి తీసుకుంది. కూతురు పడ్డప్పటినుంచీ ఆమె పక్కనే చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది. అన్నం కూడా అక్కడే.

డిటెక్టివ్ పిట్ట చుట్టూ ఓసారి తిరిగి తాడు కొస పట్టుకు చూశాడు. కోసిన గుర్తు లేదు. తెగిన గుర్తూ లేదు. ముడి పడిన చోట వంకర మాత్రం అలాగే ఉంది. తాడు తనంతట తను జారిపోయింది.

"ఏం జరిగిందమ్మాయ్?"

"చెయ్యి జారిందండీ. తప్పు నాదే."

"చెయ్యి జారితే కర్ర ఇంకా నీ చేతుల్లో ఏం చేస్తోంది?"

పిట్ట కళ్ళు మూసుకుంది. తలకిందులుగా ఉన్నవాళ్ళ కన్నీళ్ళు నుదుటి మీదుగా జుట్టులోకి పోతాయి, తుడుచుకోనక్కర్లేదు. డిటెక్టివ్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"దాన్నేం అడుగుతారు బాబూ?" అంది పెద్దమ్మ. "అల్లుణ్ణి పట్టుకోండి. అవతలి ఉయ్యాల మీద చేతులు చాచి అందుకోవాల్సినవాడు వాడే. ఆ పడటం నా కూతురిది కాదు. ఎవరిదో వాళ్ళకి అప్పజెప్పండి."

అల్లుడు పిట్ట మొగుడు. బయటినుంచి వచ్చినవాడు కాబట్టి సర్కస్ మొత్తానికీ అల్లుడే. పిలవగానే వచ్చి తల వంచుకు నిలబడ్డాడు. పిట్ట పడ్డాక అతను గడ్డం గీసుకోలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. పనివాళ్ళంతా చుట్టూ చేరారు. వాళ్ళ మొహాలు చూస్తే డిటెక్టివ్‌కే భయం వేసింది.

"ఒప్పుకోరా," అంది పెద్దమ్మ. "ఒప్పుకుని నా బిడ్డని వదిలిపెట్టు."

"సరే అత్తా. నాదే. నావల్లే," అన్నాడు అల్లుడు. ఆ మాట అన్నాక, పైనుంచి ఏదో వచ్చి మీద పడుతుందన్నట్టు భుజాలు బిగించి కళ్ళు మూసుకున్నాడు.

ఏమీ జరగలేదు. పిట్ట వెంట్రుక కూడా కదల్లేదు. అల్లుడు కళ్ళు తెరిచి చేతులు చూసుకున్నాడు. "నాదే అని ఎంత అనుకున్నానో అత్తా," అంటూ పొట్టులో కూలబడి ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. నిన్నటిదాకా అతని కంచం వేరుగా పెట్టిన వంటవాడైతే అందరికంటే ముందు పోయాడు.

మధ్యాహ్నం ఒక జల్లు కొట్టి వెలిసింది. వెనకే చురుక్కుమనే ఎండ. డిటెక్టివ్ వంటవాడి దగ్గర కూర్చుని కడుపులో మంటకి మజ్జిగ తాగుతున్నాడు. ఉన్నట్టుండి సర్కస్‌లో అందరూ చేతిలో పనులు వదిలేసి తలో తాడు దగ్గరికీ పరుగెత్తారు. జోకరు కూడా సగం రంగు మొహంతోనే ఉరికాడు.

"ఏంటయ్యా ఈ హడావిడి?"

"తడిసిన తాడు బిగుసుకుంటుందండీ. ఎండితే సడలుతుంది. ఎవరు కట్టింది వాళ్ళే వచ్చి మళ్ళీ కట్టుకోవాలి."

"పక్కవాడు కడితే ఏం పోయింది?"

"అమ్మో! ఒకరి ముడి ఇంకొకరు ముట్టుకుంటే మొహం మీద ఉమ్మినట్టేనండీ. ఎగిరేవాళ్ళయితే ముడివైపు తలెత్తి చూడను కూడా చూడరు. చూస్తే కట్టినవాళ్ళని అనుమానించినట్టే కదా."

"మీరు ఈ ఊళ్ళో దిగిన రోజు వాన పడిందా?"

"దారంతా వానేనండీ. తాళ్ళు నీళ్ళోడుతుంటే లారీలోంచి దించి అలాగే కట్టేశారు. పొద్దెక్కాక చూడాలి, మాడు పగిలే ఎండ. డేరా లోపల పొయ్యి మీద ఉన్నట్టే ఉంది."

డిటెక్టివ్ గ్లాసు కింద పెట్టాడు. జేబులోంచి వక్కపలుకు తీసి, నోట్లో వేసుకోవడం మరిచిపోయాడు. డేరా తెర పక్కకి జరిగి ఉంది. లోపల చెక్కపెట్టె మీద పెద్దమ్మ కనబడుతోంది. ఎండ రాగానే ఆమె కూడా అలవాటు కొద్దీ గబుక్కున లేచింది. లేచి, అలాగే నిలబడి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, మళ్ళీ కూర్చుంది.

ఆయన వెంటనే లోపలికి వెళ్ళలేకపోయాడు. ఊరుకుంటే కూతురు పోతుంది, కదిలిస్తే తల్లి పోతుంది. టోపీ పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోదామని కూడా అనుకున్నాడు. ఎలుగుబంటి వ్యవహారం ఇంతకంటే నయం. కానీ తెర సందులోంచి పిట్ట తల నేలకి మోకాలెత్తులో కనబడింది. ఉదయం కంటే తొందరగా దిగుతోంది. ఆయన లోపలికి వెళ్ళి పెట్టె పక్కన పొట్టులో చతికిలబడ్డాడు.

"అమ్మా, ఆ రోజు ఎండ వచ్చినప్పుడు మీరెక్కడున్నారు?"

పెద్దమ్మ కూతురి నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది.

"నా డేరాలో."

"ముడి సంగతి గుర్తు రాలేదా?"

"అమ్మా, నోరు ముయ్యవే!" అని అరిచింది పిట్ట. "ఈయనకేం పని లేదు. వెళ్ళిపొమ్మను."

"వచ్చింది," అంది పెద్దమ్మ. "బ్యాండు మొదలవుతుంటే గుర్తొచ్చింది బాబూ. ఇంకా టైముంది. చెప్పులు కూడా వేసుకున్నాను. ఆ పొద్దున ఇది నాతో అంది, పై ఊరినుంచి ఇనుప కొక్కేలు వస్తున్నాయట, ఇంక తాళ్ళూ వద్దు ముళ్ళూ వద్దు, నువ్వు కూర్చుని తినవే అని. నవ్వుతూనే అంది. నాకే ఒళ్ళు మండింది. ఈ చేతులతో ఇంతకాలం దాని ప్రాణం కట్టి నిలబెట్టాను. అదే వచ్చి అమ్మా, ముడి చూడవే అని అడగనీ అని చెప్పులు విప్పేసి కూర్చున్నాను." ఆమె కూతురి వైపు తిరిగింది. "అల్లుడి మీద పెట్టాను. వాడిది కాదని నాకు తెలుసు. ఇది నాదే."

గుడారం కర్రలు కిర్రుమన్నాయి. బయట గుర్రాలు ఒక్కసారిగా సకిలించి ఆగిపోయాయి.

"నేనూ చూశాను!" అంది పిట్ట గబగబా, పడటం తల్లిని చేరేలోపే తన మాట చేరాలన్నట్టు. "పైకెక్కాక తలెత్తి చూశాను. ముడి సడలి ఉంది. కేకేస్తే నువ్వు వస్తావని తెలుసు. అడగడానికి నాకు నామోషీ అనిపించింది. ఒక్కసారికి ఆగుతుందిలే అని ఎగిరాను. నాది కూడా అమ్మా. నాది కూడా."

తల్లీకూతుళ్ళిద్దరూ నిజమే చెప్పారు. కాబట్టి పడటం రెండు ముక్కలైంది.

పిట్ట ఆ మోకాలెత్తు నుంచే పడింది. డేరా సగం ఎత్తు నుంచి పడ్డంత చప్పుడైంది. ఎడమ కాలు తొడ దగ్గర విరిగింది. అదే క్షణంలో పెద్దమ్మ పెట్టె మీదినుంచి పక్కకి ఒరిగి పొట్టులో పడింది. ఆ చప్పుడూ సరిగ్గా అంతే. ఎక్కువా లేదు, తక్కువా లేదు. పడుచు ఎముకలు తమ సగాన్ని ఎలాగో ఓర్చుకున్నాయి. ముసలి ఎముకల వల్ల కాలేదు.

అల్లుడు పరుగెత్తుకుంటూ వచ్చి పిట్టని లేవనెత్తబోయాడు. ఆమె రానివ్వలేదు. కర్ర వదిలేసి, విరిగిన కాలు వెనక ఈడ్చుకుంటూ, మోచేతుల మీద పాకుతూ తల్లి దగ్గరికి చేరింది. తల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ అందులో చూపు లేదు. యజమాని గుమ్మం దగ్గర నిలబడి, "ఇంతకీ ఎవరండీ?" అని డిటెక్టివ్‌ని మెల్లగా అడుగుతున్నాడు.

పిట్ట తల్లి చెవి దగ్గర నోరు పెట్టింది.

"అమ్మా," అంది, "ముడి ఒకసారి చూడవే."